రోగి పథ్యం నుంచి అతిథి పళ్లెంలోకి - డబల్ రొట్టె ప్రయాణం

ప్రత్యేక సంచిక కాబట్టి డి.ఎ. బకాయిలు, జి.ఓ.ల సంగతి కాస్త పక్కనబెట్టి, ఇంటిల్లిపాదీ చదివే విషయం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. చుట్టాలకు బజారు రొట్టె పెట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచి మర్యాద అయింది అన్న విషయం ఎంచుకున్నాను. చూడటానికి చిన్న సంగతే. కాని దీని వెనుక ఒక దేశ విభజన, ఒక రాజధాని మార్పు, ఒక కరువు ఉన్నాయి.

కోస్తా, రాయలసీమ ఇళ్లలోకి బ్రెడ్డు చాలావరకు ఆసుపత్రి దారిన వచ్చింది. రెండు రోజులు లంఖణం చేయించి, జ్వరం దిగాక పాలలో రొట్టె ముక్క నానబెట్టి పెట్టేవారు. ఆసుపత్రికి ఎవరినైనా చూడబోతే చేతిలో బత్తాయిలు, హార్లిక్స్ సీసా, ఒక రొట్టె ఉండేవి. అందుచేత లక్షణంగా ఉన్న మనిషి ముందు రొట్టె పెడితే "నాకేం రోగం వచ్చిందని?" అని నొచ్చుకునేవారు. అతిథికి పెట్టవలసినది పొద్దున ఇడ్లీయో ఉప్మాయో, మధ్యాహ్నం వేడి అన్నం.

దీనికి తోడు ఆచారం. పిండి పొంగాలంటే పులియాలి. గోవాలో పోర్చుగీసువారు అందుకు కల్లు వాడారు. అక్కడి పావు అలా తయారైంది. ఈ కల్లు మాట ఎవరి నోటనో విన్న మన పెద్దలు చెవులు మూసుకున్నారు. గుడ్డు కలుపుతారేమో అన్నారు. పిండి ఎవరు పిసికారో అన్నారు. నన్నడిగితే ఈ చివరిదే అసలు ప్రశ్న. మిగతా రెండూ దానికి తొడిగిన చొక్కాలు.

హైదరాబాదు సంగతి వేరు. ఇక్కడ రొట్టె మొదటినుంచీ విందు వస్తువే. పాతబస్తీలో కుల్చా, షీర్‌మాల్, నాలుగు మూలలుండే నాన్ ఏ శుభకార్యంలోనైనా ఉండవలసినవే. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ 1851లో మొదలైందని ఆ దుకాణం వారు చెప్పే మాట. దానిని పెట్టిన మహమ్మద్ హుస్సేన్ గారు నిజాం కొలువులో మున్షీ అట. మున్షీ అంటే మన భాషలో గుమాస్తా! మన జాతివాడు ఒకడు ఊరంతటికీ రొట్టె పెట్టాడని చెప్పుకోవడానికి నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. ఈ నాన్ ఇంట్లో చేసుకునేది కాదు. భట్టీ గోడకు అంటించి కాల్చాలి. కనుక ఎంతటివారైనా దుకాణం ముందు నిలబడి తెచ్చుకోవలసిందే.

తరువాత ఇరానీ హోటళ్లు చాయతో బన్ను, మస్కా అలవాటు చేశాయి. దేశ విభజన తరువాత సింధు ప్రాంతం వదిలి వచ్చిన వారిలో ఖాన్‌చంద్ రమ్నానీ గారు 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద కరాచీ బేకరీ స్థాపించారు. పోగొట్టుకున్న ఊరి పేరు బోర్డు మీద రాసుకుని బతుకు మొదలుపెట్టారన్నమాట.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే కర్నూలు నుంచి ఆఫీసులు ఇక్కడికి తరలివచ్చాయి. ఫైళ్ల వెంట మా నాన్నగారు, నాన్నగారి వెంట మేము. ఆయన సెక్షనులో ఒక పెద్ద ముస్లిం గుమాస్తా ఉండేవారు. నాన్నగారికి ఉర్దూ నోటింగు చదవడం నేర్పింది ఆయనే. పండుగకు వారి ఇంటినుంచి డబల్ కా మీఠా వచ్చేది. అమ్మ గిన్నెను రెండు చేతులతో అందుకునేది, "చాలా సంతోషం అన్నయ్యగారూ" అనేది, ఆయన వీధి మలుపు తిరగగానే గిన్నె పనిమనిషి చేతికి వెళ్లేది. మాకు ముక్క కూడా దక్కేది కాదు. నాన్నగారు ఏమీ అనేవారు కాదు గాని ఆ పూట ఆయన సరిగా అన్నం తినేవారు కాదు.

ఈ ముడి విప్పింది సంస్కర్తలు కాదు. కరువు, సర్కారు రొట్టె. 1956 ఆగస్టులో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందం కుదిరింది. 1965, 66 సంవత్సరాలలో వానలు ముఖం చాటేశాయి. వారానికి ఒక పూట భోజనం మానమని శాస్త్రి గారు దేశాన్ని కోరారు. 1966లో ధాన్యం దిగుమతి కోటి టన్నులు దాటింది. బియ్యం తినేవారు గోధుమ తినక తప్పలేదు. సరిగ్గా అప్పుడే, 1965లో, కేంద్ర ప్రభుత్వం కొలంబో పథకం సాయంతో మోడరన్ బేకరీస్ స్థాపించింది. క్రమంగా హైదరాబాదుకూ యూనిట్టు వచ్చింది. యంత్రం పిసికిన పిండి, విటమిన్లు కలిపిన రొట్టె, కాగితం చుట్టి వచ్చేది. ఎవరి చెయ్యి అన్న ప్రశ్నకు జవాబుగా ఏ చెయ్యీ లేదు! పైగా గవర్నమెంటుది. జీతం ఇచ్చే చెయ్యి రొట్టె ఇస్తే కాదనడానికి గుమాస్తా భార్యకు కారణం ఏముంటుంది?

మా ఇంట్లో మొదట బ్రెడ్డు ఉప్మా, ఆ తరువాత టోస్టు వచ్చాయి. కొన్నేళ్లకు ఆ పెద్దాయన పదవీ విరమణ చేసినప్పుడు నాన్నగారు భోజనానికి పిలిచారు. అమ్మ ఎవరినో అడిగి తెలుసుకుని, రొట్టె ముక్కలు నేతిలో వేయించి, పాకం పట్టి, పాలు మరిగించి డబల్ కా మీఠా చేసింది. ఆయన తిని, "పాకం ఇంకొంచెం పలచగా ఉండాలమ్మా" అన్నారు. తరువాతి పండుగకు వచ్చిన గిన్నె మా వంటింట్లోనే ఖాళీ అయింది.

ఆ ప్రభుత్వ సంస్థలో 74 శాతం వాటాను 2000 జనవరిలో హిందుస్తాన్ లీవర్‌కు అమ్మేశారు. అప్పటికే వీధికొక బేకరీ వెలిసింది. 2016లో రొట్టె పిండిలో కలిపే పొటాషియం బ్రోమేటును ఆహార భద్రతా సంస్థ నిషేధించింది. ఈనాడు మన ముందున్నది అంటు ప్రశ్న కాదు, అట్ట మీద రాసినది చదివే ప్రశ్న. బ్రౌను బ్రెడ్డు అని మురిసిపోకండి. ఆ రంగు కాల్చిన చక్కెరది కావచ్చు. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. మొదటి మాట మైదా అయితే అది మైదా రొట్టే. అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి కనుక మనుమడిని వెంట తీసుకెళ్లడం మేలు.

అతిథులు వచ్చేది సాయంత్రమైతే రొట్టె ఆ రోజుదే తెండి, ముందు రోజు తెచ్చి ఫ్రిజ్‌లో దాచవద్దు. ఫ్రిజ్ చల్లదనానికి బూజు ఆగుతుంది గాని రొట్టె బయటకంటె త్వరగా గట్టిపడుతుంది. దాచక తప్పకపోతే పైనున్న ఐసు అరలో గట్టిగా మూసి పెట్టి, తీయగానే పెనం మీద కాల్చండి. నాన్ అయితే నాలుగు నీటి చుక్కలు చిలకరించి వేడిచేస్తే మెత్తబడుతుంది. డబల్ కా మీఠాకు మాత్రం నిన్నటి రొట్టే మంచిది. తాజా రొట్టె నెయ్యి ఎక్కువ పీల్చి, పాకంలో చెదిరిపోతుంది.