కలహమున మొదలై కల్యాణమున ముగియు కథలు

వేదము ప్రభువువలె ఆజ్ఞాపించును. పురాణము మిత్రునివలె హితము చెప్పును. కావ్యము ప్రియురాలివలె నవ్వించి, మురిపించి, ఆ నడుమనే మంచిమాట నొకదానిని చెవిని వేయును. మమ్మటాది ఆలంకారికులు చెప్పిన ఈ భేదము మహాకావ్యములకే గాక, నేటి యువతరము చదివి నవ్వుకొను తేలిక ప్రణయ నవలకును వర్తించుననిన, కొందరు పెద్దలకు వింతగా తోచవచ్చును. ఆ వింతను కొంచెము విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

హైదరాబాదు నగరమునకు పడమటి దెస, రాళ్ళగుట్టల నడుమనున్న మాదాపురమున, 1998 నవంబరు 22వ తేదీని నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. నాటినుండి హైటెక్ సిటీ యను పేరు తెలుగుపల్లెలలో ఇంటింటి మాటయైనది. చదువు ముగించిన మన ఆడుబిడ్డలెందరో అచటి కంపెనీలలో కొలువు సంపాదించి, హాస్టళ్ళలో నివసించుచున్నారు. 2019 మార్చి 20వ తేదీని అమీరుపేటనుండి అచటికి మెట్రో రైలు నడచుట మొదలైనది. ఆ రైలులో సాయంకాలమున సెల్‌ఫోను తెరపై నవల చదువుచు, తనలో తాను నవ్వుకొను యువతి అచట అరుదైన దృశ్యము కాదు.

ఆ నవలలలో మిక్కిలి ప్రీతిపాత్రమైన కథ యొకటి కలదు. నాయికా నాయకులకు క్షణమైన పొసగదు. ఏదో అక్కర వచ్చి, ఇద్దరును ప్రేమికులమని గాని దంపతులమని గాని లోకము నెదుట నటింపవలసి వచ్చును. నటించుచు నటించుచు ఆ బొంకును నిజము చేసికొందురు. ఇది విన్న పెద్దలు "పరదేశపు పోకడ" యందురు. "పనికిమాలిన చదువు" అనియు అందురు. మొదటి మాట చరిత్ర యెదుట నిలువదు. రెండవది విచారింపదగినది.

కలహమునుండి వలపు పుట్టుట తెలుగు చదువరులకు క్రొత్త గాదు. పదునైదవ శతాబ్దిలో పిల్లలమర్రి పినవీరభద్రకవి తెనిగించిన జైమిని భారత కథలో, స్త్రీరాజ్యమునేలు ప్రమీల ధర్మరాజు యాగాశ్వమును పట్టి కట్టెను. విడిపింపవచ్చిన అర్జునునితో పోరాడెను. తుదకు వానినే వరించెను. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ అలుక లేనిచో కథయే లేదు. కపటవేషమునకును మనకు కొదవ లేదు. పదునేడవ శతాబ్దిలో తంజావూరు రఘునాథనాయకుని ఆశ్రయించిన చేమకూర వేంకటకవి, విజయవిలాసమున, అర్జునుని దొంగ సన్న్యాసిని చేసి ద్వారకకు పంపెను. ఆ యతికి పరిచర్య చేయునది సుభద్రయే. వేషము సన్న్యాసము, వలపు సత్యము.

అయినను ఆ కావ్యమున కపటము నాయకునిది. ప్రేమ నటించుటకు ఇద్దరును కూడబలుకుకొని లోకమును మోసగించుట ఆధునిక జీవితము కల్పించిన కథ. దానిని తెలుగువారికి గాఢముగ పరిచయము చేసినది 1955 జనవరి 12వ తేదీని విడుదలయైన విజయావారి "మిస్సమ్మ" చిత్రము. ఎల్. వి. ప్రసాదు దర్శకుడు, చక్రపాణి రచయిత. వంగదేశపు రవీంద్రనాథ మైత్రా వ్రాసిన నాటకము దీనికి మూలము. ఒక జమీందారు తన బడికి చదువుకొన్న ఆలుమగలనే ఉపాధ్యాయులుగా కోరెను. ఎన్. టి. రామారావు నటించిన రావు నిరుద్యోగి. సావిత్రి నటించిన మేరీ అప్పుల బాధ పడుచున్న క్రైస్తవ యువతి, ముక్కుమీది కోపము గలది. ఇద్దరికిని కావలసినది నెలజీతము మాత్రమే. అందుకై దంపతులుగా నటించిరి.

పెండ్లి గాని ఈ దంపతుల చిక్కులు చూచి ప్రజలు కడుపుబ్బ నవ్విరి. కాని ఆ నవ్వునకు అడుగున నొక గట్టి సత్యమున్నది. చదువున్నను కొలువు దొరకని కాలమది. పెండ్లియైనవారినే లోకము నమ్ముచుండెను. ఒకే కప్పు క్రింద మెలగుటచే వారికి ఒకరి స్వభావ మొకరికి తెలిసెను. జమీందారు కూతురు సీత రావువద్ద సంగీతము నేర్చుకొనుచుండగా మేరీకి అసూయ కలిగినది. నటించు భార్యకు అసూయ యెందులకు? కథ మలుపు తిరిగిన చోటు అదియే. నేటికిని నగరములలో పెండ్లికాని యువకులకు ఇల్లు అద్దెకిచ్చుటకు వెనుదీయు యజమానులు కలరు. కావున మిస్సమ్మ కథకు పునాది ఇంకను చెక్కుచెదరలేదు.

1960-70 దశాబ్దులలో ఈ వినోదము వెండితెరనుండి పుస్తకములోనికి వచ్చినది. కృష్ణాజిల్లా కాజ గ్రామమున జన్మించి హైదరాబాదున నివసించిన యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" నవలలో జయంతి కొలువు చేసి బ్రదుకు యువతి; రాజశేఖరము ధనవంతుడైన యజమాని. ఇచట కపట బంధము లేదు. అభిమానమునకును అభిమానమునకును నడుమ పెనగులాట కలదు. ఆ నవల 1976లో చలనచిత్రమైనది. నాడు వారపత్రికలును, అద్దెకు పుస్తకములిచ్చు దుకాణములును ఇటువంటి నవలలను ఇంటింటికి చేర్చెను. వంటయింటి పని ముగించి, దీపము క్రింద కూర్చుండి చదివిన స్త్రీలవలన తెలుగున చదువరుల సంఖ్య పెరిగినది. గ్రంథాలయోద్యమము కోరినదియు అదియే కదా. పండితులు పరిహసించినను ఆ స్త్రీలు చదువు మానలేదు. సులోచనారాణిగారు 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూసినపుడు దేశవిదేశములందలి తెలుగు స్త్రీలు తమ యౌవనమును స్మరించుకొనిరి.

ఇతర భాషలలోను ఈ కథకు దీర్ఘ చరిత్ర యున్నది. 1813లో ఇంగ్లండున జేన్ ఆస్టిన్ ప్రకటించిన "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" అనురాగమునకు ముందు అపార్థమును నిలిపిన నవల. 2016లో శాలీ థోర్న్ "ది హేటింగ్ గేమ్" నవలయందు ఒకే ఆఫీసులో ఎదురెదురుగా కూర్చుండి పోటీ పడు ఇద్దరు ఉద్యోగులను నాయికా నాయకులను చేసెను. 2021లో వెలువడిన ఆలీ హేజిల్‌వుడ్ నవల "ది లవ్ హైపోథిసిస్"లో ఒక పరిశోధక విద్యార్థిని, స్నేహితురాలిని నమ్మించుటకై, ఒక ఆచార్యునితో ప్రేమ నటించును. ఎదుటి కుర్చీలోని వానితో దినమంతయు వాదులాడి వచ్చిన హైటెక్ సిటీ యువతికి ఈ కథలు తన ఆఫీసు కథలవలె తోచుటలో వింత లేదు. 2014లో బెంగుళూరున ఆరంభమైన ప్రతిలిపి సంస్థ మూలమున తెలుగు ధారావాహికలును సెల్‌ఫోనునకు వచ్చినవి. నాటి వారపత్రిక చేసిన పనిని నేడు ఆ తెర చేయుచున్నది.

ఇంతకును ఈ కథల రుచి యెక్కడ నున్నది? కపట బంధమునకు మొదట ఒక ఒప్పందముండును: ఇన్ని నాళ్ళు, ఇంత దూరము, పని ముగిసిన పిదప ఎవరి దారి వారిది. ఈ నియమము లన్నియు తప్పునని చదువరికి ముందే తెలియును. ఎప్పుడు, ఎట్లు తప్పునో యనునదే ఉత్కంఠ. ముగింపు తెలిసియు చదువుట తప్పైనచో, కల్యాణము తెలిసిన సీతారాముల కథను మనవారు తరతరములుగా వినుట యెట్లు?

రుచికి మించి విలువయు నొకటి కలదు. పెండ్లిచూపులనాడు ఇరువైపులవారును మంచిబట్టలు గట్టి, మంచిమాటలే పలుకుదురు. కలహించుకొనువారు అట్లు గాదు. తమ కోపమును, మొండితనమును, పొరపాట్లను మొదటినాడే బయట పెట్టుకొందురు. ఆపై ప్రేమ నటింపబోయి, ఎదుటివారికి ఏది యిష్టమో, ఏది భయమో తెలిసికొందురు. కాబట్టి తుదకు కలుగు వలపు లోపము లెరిగిన వలపు. నవ్వించుచునే ఆ తేలిక నవల చెవిని వేయు మంచిమాట ఇదియే.

హెచ్చరికయు నొకటి అవసరము. మొరటుతనమును మగతనమనియు, స్త్రీ పలికిన "వద్దు" అను మాటను సిగ్గనియు చూపు కథలును ఇందు కలవు. వానిని మెచ్చరాదు. నాయికకు జగడమున సమానమైన పాలును, కాదని లేచిపోవు స్వేచ్ఛయు ఉన్నవా యని చూడవలెను. ప్రమీలకు తన సేన ఉండెను. మేరీకి తన చదువు ఉండెను. జయంతికి తన సంపాదన ఉండెను. అందుచేతనే వారి వలపు లొంగుబాటు గాక ఎన్నికయైనది.

నేడు ఊరనున్న తల్లిదండ్రులు సంబంధములు చూచుచుందురు. నగరముననున్న కూతురు "ఇప్పుడే వద్దు" అనును. ఆ రెండు మాటల నడుమ ఇంటిల్లిపాదికి నిద్ర కరవగుచున్నది. ఆమె మనసులో నున్నది అడిగిన చెప్పకపోవచ్చును. ఆమె చదివి నవ్విన పుస్తకమును తండ్రియు చదివెనేని, తనకు తోడు కావలసినవానిని తెలిసికొనుటకు బిడ్డ కోరుచున్న వ్యవధి యెట్టిదో ఆయనకు కొంత బోధపడును.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున భారత భాగవతములున్న బీరువా ప్రక్కనే ఇట్టి వినోద నవలలకును చోటుండుట ఉచితము. పండుగకు ఇంటికి వచ్చిన కూతురు ఒక నవల అడిగినపుడు గ్రంథపాలకుడు కనుబొమలు ముడువక బీరువా తెరచుగాక. ఆమె తిరిగి యిచ్చిన పిదప ఆ పుస్తకము తల్లి చేతికి, తండ్రి చేతికి చేరుగాక.