ఇనప మూకుడు, నల్ల పొట్లం

ఆదివారం పొద్దున్నే మా నాన్న పెరట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. మెడ చుట్టూ చిరుగుల తువ్వాలు, కాళ్ళ కింద పాత పేపరు, ప్లాస్టిక్ గిన్నెలో కలిపిన నల్ల పొడి, అరిగిపోయిన టూత్‌బ్రష్. ముందువైపు తనే వేసుకునేవాడు, వెనకవైపు నా వంతు. గిన్నెలో మిగిలిన కాస్తా మీసానికీ కనుబొమలకీ పోయేది. పారబోయడమంటే ఆయనకి ప్రాణం పోయినట్టు. గుంటూరులో ఒక మిర్చి కమీషను కొట్లో గుమాస్తా. "తల నెరిస్తే లెక్క తప్పుతాడనుకుంటార్రా" అనేవాడు.

రంగు వేసుకున్న మర్నాడో ఆ మర్నాడో కనురెప్పలు ఉబ్బేవి. చెవుల వెనక దురద, మెడమీద పొక్కులు. యార్డుకెళ్ళొచ్చిన మనిషికి మొహం మండితే గుంటూరులో ఎవరూ కారణం వెతకరు. మిరప ఘాటు, అంతే. కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాడు. యార్డుకి సెలవులిచ్చిన ఎండాకాలంలో కూడా రెప్పలు ఉబ్బుతున్నాయని మాకు తట్టడానికి ఏళ్ళు పట్టింది. చివరికి ఒక చర్మ డాక్టరు ఆయన వీపుమీద వరసగా చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత విప్పి చూసి, ఎర్రగా పొంగిన ఒక్క గడిని చూపించింది. పక్కనున్న కాగితంలో దాని పేరు: పారాఫినిలీన్‌డయమీన్.

ఆ పేరు నాకు కొత్త కాదు. ఆర్థో, మెటా, పారా అంటూ ఎంసెట్ కోసం బట్టీ పట్టిన బాపతే. ర్యాంకు వచ్చాక మర్చిపోయాను. అది ప్రతి ఆదివారం నా చేతిలోని బ్రష్షు మీదే ఉందని ఏ లెక్చరరూ చెప్పలేదు.

నాన్న కంటే ముందు మా ఇంట్లో తలకి రంగు వేసుకున్నది నాయనమ్మ. పర్చూరు దగ్గర పల్లెలో, పత్తి చేల మధ్య ఇల్లు. గోరింటాకు, ఉసిరిక పొడి, చిక్కటి టీ డికాక్షన్ ఇనప మూకుడులో కలిపి రాత్రంతా ఉంచేది. పొద్దుటికి ఆ ముద్ద నల్లబడి ఉండేది. ఇనప మూకుడే ఎందుకని అడిగితే, "మరి దేంట్లో కలుపుతారు?" అని నన్నే అడిగేది.

ఆమెకు తెలియకపోయినా ఆ మూకుడుకి పెద్ద చరిత్రే ఉంది. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అధ్యాయాన్ని మొదలుపెట్టేదే జుట్టు రంగుతో. దండలూ పరిమళాలూ మంచి బట్టలూ ఎన్ని ఉన్నా నెరిసిన తలకి నప్పవట. అరికెల బియ్యాన్ని ఇనప పాత్రలో పులిసిన ద్రవంతో, ఇనప రజనుతో కలిపి ఉడికించాలి. మెత్తగా నూరి తలకి పట్టించి, పచ్చి ఆకులు చుట్టుకుని రెండు జాములు కూర్చోవాలి. అది తీసేసి ఉసిరిక ముద్ద పెట్టి మళ్ళీ రెండు జాములు. ఆ తర్వాత ఇనుము కంపూ పులుపు కంపూ పోవడానికి పరిమళ స్నానం. మొత్తం కలిపితే పన్నెండు గంటలు. రాజులకి తీరిక ఉంటుంది మరి.

పులుపు ఇనుమును కరిగిస్తుంది. కరిగిన ఇనుము ఉసిరికలోని వగరుతో కలిస్తే నలుపు. నాయనమ్మ మూకుడులో జరిగిందీ ఇదే, పాతకాలం రాతసిరాలో జరిగిందీ ఇదే, కలంకారీ గుడ్డమీద జరిగేదీ ఇదే. గుడ్డను కరక్కాయలో, పాలలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో పులియబెట్టి, ఆ నీటితో గీత గీస్తారు. కరక్కాయ వగరు తగలగానే గీత నల్లబడుతుంది. జుట్టుకైనా గుడ్డకైనా నలుపుకి మనవాళ్ళకున్న దారి ఒక్కటే.

రంగులకి ఈ తీరం కొత్త కాదు. ఈనాటి నిజాంపట్నమే పాత కాగితాల్లోని పెటపోలి. అక్కడికి 1606లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చింది అద్దకం బట్టల కోసం. ఆ బట్టల ఎరుపు చిరివేరుది, నీలం నీలిమందుది. ఈ రెండిట్నీ చివరికి దెబ్బకొట్టింది ఓడలు కాదు, తారు. బొగ్గు నుంచి గ్యాసు తీశాక మిగిలే ఆ మడ్డి నుంచే 1856లో పెర్కిన్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు లండన్‌లో ఊదా రంగు తీశాడు. అతను చేయబోయింది మలేరియాకి క్వినైన్. 1869లో చిరివేరు ఎరుపుకి పోటీగా కృత్రిమ అలిజరిన్, 1897లో కృత్రిమ నీలిమందు వచ్చాయి. అరబ్బు దేశాలకీ బర్మాకీ వెళ్ళిన చీరాల తేలియా రుమాళ్ళకి ఎరుపునిచ్చింది ఆ అలిజరినే.

పెర్కిన్ గురువు హాఫ్‌మన్. పారాఫినిలీన్‌డయమీన్ 1863లో ఆయన చేతిమీదుగా బయటికొచ్చింది. 1907లో పారిస్‌లో షూలర్ అనే యువ కెమిస్టు ఈ కోవ రసాయనాలతో జుట్టు రంగు తయారుచేశాడు. రెండేళ్ళ తర్వాత పెట్టిన అతని కంపెనీయే ఇప్పటి లోరియల్. దాని మొదటి పేరుకి అర్థం, జుట్టుకి హానిచేయని రంగుల ఫ్రెంచి కంపెనీ అని. హానిచేయని అన్న మాట కంపెనీ పేరులోనే పెట్టుకోవాల్సి వచ్చిందంటే అప్పటికే జనానికి అనుమానం ఉందన్నమాట.

పని చేసే తీరు తెలివైనదే, ఒప్పుకోవాలి. రంగులేని చిన్న అణువు వెంట్రుక లోపలికి దూరుతుంది. అక్కడ ఆక్సిజన్ తగిలి, తోటి అణువులతో ముడిపడి, పెద్దదై నల్లబడుతుంది. ఇక బయటికి రాలేదు, అందుకే తలంటుకున్నా పోదు. తంటా అంతా ముడిపడక ముందే. ఆ చిన్న అణువు వెంట్రుకలోకి దూరినట్టే చర్మంలోకీ దూరుతుంది. ఒకసారి పడలేదని శరీరం గుర్తుపెట్టుకుంటే ఇక మర్చిపోదు.

అమెరికాలో 1930లలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు వాడినవాళ్ళకి చూపు పోయింది. అందులో ఉన్నది ఇదే. ఆ గొడవ తర్వాత వచ్చిన 1938 చట్టం కూడా తారు నుంచి తీసిన జుట్టు రంగుల్ని ఆపలేదు, హెచ్చరిక రాస్తే చాలంది. మన కాస్మెటిక్స్ నియమాలదీ అదే పద్ధతి: చర్మం మండవచ్చు, ముందు పరీక్షించుకోండి, రెప్పలకీ కనుబొమలకీ వాడకండి అని ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ ఉండాలి. నాన్న పొట్లంలోని కాగితం తీసి చూశాను. తెలుగులోనే ఉంది, బియ్యపు గింజలో సగం ఉన్న అక్షరాల్లో. చెవి వెనక చుక్క పెట్టుకుని 48 గంటలు ఆగమంది. వారానికి ఒక్క ఆదివారం ఉన్న మనిషి శుక్రవారమే చుక్క పెట్టుకోవాలన్నమాట.

నాయనమ్మ పద్ధతిని మాత్రం నెత్తిన పెట్టుకోలేను. పూట పడుతుంది, దిండు పాడవుతుంది, తీరా చూస్తే తల సగం నలుపు, సగం ఇటుక రంగు. పొట్లం గంటలో పని ముగిస్తుంది. దారానికి వేలాడే షాంపూ పొట్లాల పక్కనే ఏ పల్లె కొట్లోనైనా దొరుకుతుంది, మంగలితో పని లేదు. దాని వల్లే మా నాన్నలాంటివాడు కూడా యాభై దాటాక నల్లతలతో కొట్లో కూర్చోగలిగాడు. నాకు కోపం 'నల్ల హెన్నా' అని రాసి అమ్మేవాళ్ళ మీద. ఒట్టి గోరింటాకు నల్లబడదు, దాని రంగు నారింజ. పొట్లం గంటలో నల్లగా చేస్తానంటే, వెనక ఆ పొడుగు పేరు ఉందేమో చూడాలి. (మిరపకారానికీ ఈ తారు చుట్టరికం ఉంది. 2003లో ఇండియా నుంచి వెళ్ళిన కారంలో సుడాన్ రంగు దొరికిందని యూరప్ గగ్గోలు పెట్టింది. ఆ వారం మా ఇంట్లో అన్నం దగ్గర వేరే మాట లేదు.)

డాక్టరు చెప్పాక కూడా నాన్న రెండు నెలలు నానబెట్టాడు. రంగు మానేస్తున్నానని కొట్లో చెప్పడం ఇష్టంలేక, మొక్కుందని తిరుపతి వెళ్ళి గుండు చేయించుకొచ్చాడు. మళ్ళీ మొలిచిన జుట్టు తెల్లగానే వచ్చింది. దేవుడికిచ్చిన తల కదా, ఎవరూ ఏమీ అడగలేదు. లెక్కలు ఆయనే చూస్తున్నాడు.

నాయనమ్మ మూకుడు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఆదివారం అందులో చెంచాడు ఉసిరిక పొడి తడుస్తుంది, మీసం వరకే. అదెందుకు నాన్నా అంటే, "మీసానికి మొక్కు లేదు కదరా" అంటాడు.