రీస్టార్ట్ చేస్తే పాత లాగ్ ఏమైపోతుంది?
లినక్స్ హ్యాంగ్ అయింది, రీస్టార్ట్ చేశారు, కారణం చూద్దామంటే పాత లాగ్ లేదు. ఎందుకో చెప్తా.

1980లలో బర్కిలీలో ఎరిక్ ఆల్మన్ తన సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ కోసం సిస్‌లాగ్ రాశాడు. తర్వాత అందరూ వాడేశారు. అందులో కెర్నల్ నంబర్ 0, యూజర్ ప్రోగ్రాములది 1, వెంటనే 2 మెయిల్‌దే. నాకైతే అది పుట్టుమచ్చలా కనిపిస్తుంది! అప్పుడు లాగ్ అంటే డిస్క్ మీద మామూలు టెక్స్ట్ ఫైల్.

2011లో సిస్టమ్‌డీ వాళ్లు జర్నల్‌ను ప్రకటించారు. అందులో స్టోరేజ్ 'ఆటో' అని ఉంటే, స్లాష్ వార్ స్లాష్ లాగ్‌లో జర్నల్ ఫోల్డర్ ఉంటేనే డిస్క్‌లో రాస్తుంది. లేదంటే మెమరీలోనే, రీస్టార్ట్‌తో గల్లంతు. జర్నల్‌డీ డాట్ కాన్ఫ్‌లో దాన్ని 'పర్సిస్టెంట్' చేసి, ఒకసారి రీబూట్ చేయండి. మళ్లీ హ్యాంగ్ అయితే జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ 1 కొట్టండి, ఆగిపోయే ముందు డిస్క్‌లో రాసుకున్నది చదవొచ్చు.