వైద్యం మీద ఫిర్యాదుకు దారి ఎలా పడింది

2002 జులైలో హైదరాబాదులో ఒకావిడకు జ్వరం తగులుకుంది. విడిచి విడిచి వస్తోంది, వచ్చినప్పుడల్లా చలి వణికిస్తోంది. భర్త వి. కిషన్‌రావు ప్రభుత్వ మలేరియా విభాగంలో అధికారి. 20వ తేదీన ఆమెను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు మందులు వాడారు. జ్వరం తగ్గకపోగా పరిస్థితి చేయి దాటింది. 24న మరో పెద్ద ఆసుపత్రికి తరలించేసరికి నాడి అందడం లేదు, బీపీ తెలియడం లేదు. ఆ రాత్రే ఆమె చనిపోయారు. ఆమెకు ఉన్నది మలేరియా.

మలేరియా నివారణే ఉద్యోగంగా ఉన్న మనిషి భార్య మలేరియాతో, అదీ ఆసుపత్రి మంచం మీద ఉండగా, వైద్యం అందక చనిపోవడం ఎంత ఘోరమో చెప్పనక్కర్లేదు. ఆయన ఆసుపత్రి గేటు ముందు గొడవకు దిగలేదు. జిల్లా వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు వేశారు. ఆ ఫిర్యాదు ఎనిమిదేళ్లు నడిచి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, దేశంలోని రోగుల కుటుంబాలన్నింటికీ ఒక దారి వేసింది. అయితే అంతకుముందే ఆ దారికి మట్టి పోసి చదును చేసినవాళ్లు ఇంకొందరున్నారు.

వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. వకీలు లేకుండా సామాన్యుడే తన గోడు రాసి ఇచ్చుకోవడానికి జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో మూడు మెట్ల ఏర్పాటు చేశారు. చెడిపోయిన మిక్సీ, రాని గ్యాస్ బండ, ఎగ్గొట్టిన బీమా అక్కడికి చేరాయి. మరి పాడైన ఆపరేషన్? డాక్టర్ల సంఘాలు ససేమిరా అన్నాయి. వైద్యం వ్యాపారం కాదు, వైద్యుడి మంచిచెడ్డలు చూడడానికి మెడికల్ కౌన్సిల్ ఉంది, మందుల సంగతి తెలియని ఫోరం సభ్యులు తీర్పు ఎలా చెబుతారు అన్నది వాళ్ల వాదన. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ కౌన్సిల్ వైద్యుణ్ణి మందలించగలదు, రిజిస్టరులోంచి పేరు తీసేయగలదు. నష్టపోయిన ఇంటికి పైసా ఇప్పించలేదు.

1995 నవంబరు 13న సుప్రీంకోర్టు ఈ తగవు తెంచింది. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత అని ఆ కేసును పిలుస్తారు. డబ్బు తీసుకుని చేసే వైద్యం చట్టం చెప్పే సేవ కిందికే వస్తుందని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కొందరి దగ్గర ఫీజు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే ఆసుపత్రి అయితే, ఉచితంగా చూపించుకున్నవాళ్లు కూడా ఫిర్యాదు చేయవచ్చు. రోగి బదులు బీమా కంపెనీయో, ఉద్యోగం ఇచ్చిన సంస్థో డబ్బు కట్టినా హక్కు హక్కే. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోట మాత్రం ఈ చట్టం వర్తించదు. ఈ చివరి మాట దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే పల్లెవాళ్లలో చాలామంది బతుకు ఆ మాట అవతలే ఉంది.

హక్కు ఉందని తేలడం వేరు, దాన్ని నిరూపించి గెలవడం వేరు. ఈ రెండో పని ఎంత కష్టమో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి కేసు చూస్తే తెలుస్తుంది. ప్రశాంత్ ధనంక 1990లో ఇరవయ్యేళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి. ఒంట్లో బాగాలేక నిమ్స్‌కు వెళ్లారు. పరీక్షల్లో వెన్నెముక వైపు ఒక గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షించడానికని సంతకం తీసుకుని, అక్టోబరులో జరిగిన ఆపరేషన్‌లో గడ్డనే తొలగించారు. వెన్నుకు ఆనుకుని చేసే పని అయినా నాడీ శస్త్రవైద్యుణ్ణి పక్కన పెట్టుకోలేదు. నడుచుకుంటూ వెళ్లిన కుర్రాడికి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది.

ఫిర్యాదు 1993లో జాతీయ కమిషన్‌కు వెళ్లింది. 1999లో పదిహేనున్నర లక్షలు ఇవ్వమని తీర్పు వచ్చింది. చాలదని ఆయన, ఎక్కువని ఆసుపత్రి, ఇద్దరూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పటికి ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. చక్రాల కుర్చీలో కూర్చుని తన వాదన తానే వినిపించారు. 2009 మే 14న కోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచింది, పైగా వడ్డీ. డబ్బుకంటే ముఖ్యమైన మాటలు రెండు ఆ తీర్పులో ఉన్నాయి. ఒక పనికి తీసుకున్న అంగీకారం ఇంకో పనికి చెల్లదు. తప్పు జరిగిందనడానికి రోగి తన వైపు నుంచి తగిన ఆధారం చూపాక, తప్పు లేదని చూపించుకోవాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. ఆపరేషన్‌కూ తీర్పుకూ మధ్య మాత్రం దాదాపు పంతొమ్మిదేళ్లు పోయాయి.

ఇక కిషన్‌రావు సంగతి. జిల్లా ఫోరం ఆయనకు 2 లక్షల రూపాయల పరిహారం ఇచ్చింది. రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది. కారణం, ఆసుపత్రి తప్పు చేసిందని చెప్పడానికి ఆయన వైద్య నిపుణుణ్ణి సాక్షిగా తేలేదట. జాతీయ కమిషన్ కూడా అదే మాట మీద నిలబడింది. దానికితోడు 2009 ఫిబ్రవరిలో మరో కేసులో సుప్రీంకోర్టే, డాక్టర్ల మీద ఫిర్యాదు వస్తే ముందు నిపుణుల అభిప్రాయం తెప్పించుకున్నాకే నోటీసు ఇవ్వాలని ఆదేశించి ఉంది. ఒక డాక్టరు తప్పును ఇంకో డాక్టరు కోర్టుకొచ్చి చెబితే తప్ప ఫిర్యాదు నిలవదంటే, ఊళ్లోంచి వచ్చిన మనిషికి ఆ డాక్టరు ఎక్కడ దొరుకుతాడు? దొరికినా తోటి వైద్యుడి మీద నోరు విప్పుతాడా?

2010 మార్చి 8న న్యాయమూర్తులు జి.ఎస్. సింఘ్వి, ఎ.కె. గంగూలీ ఈ ముడి విప్పారు. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని తేల్చారు. చిక్కుముడి లాంటి వైద్య విషయమైతే పిలవాలి, తప్పు కళ్లముందే కనబడుతుంటే పిలవనక్కర్లేదు. ఈ కేసులో ఆసుపత్రి తరఫున వచ్చిన డాక్టరే, మలేరియాకు తాము చికిత్స చేయలేదని ఒప్పుకున్నారు. అంతకు మించిన నిపుణుడి మాట ఇంకేం కావాలి? అందరినీ నిపుణుల దగ్గరికి పంపాలన్న 2009 నాటి ఆదేశం, అంతకుముందు ముగ్గురు న్యాయమూర్తులు చెప్పినదానికి సరిపోదని కూడా కోర్టు అంది. జిల్లా ఫోరం ఇచ్చిన తీర్పు తిరిగి నిలబడింది. నా దృష్టిలో కోటి రూపాయల తీర్పుకంటే ఈ 2 లక్షల తీర్పే పెద్దది. మామూలు ఇంటి మనిషికి తలుపు తీసింది ఇదే.

మన కొల్లాపూర్ నుంచి చూస్తే ఈ కథకు ఇంకో పాయ ఉంది. పేదల వైద్యం కోసం ప్రభుత్వం తెచ్చిన ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో తొలుత మొదలైన మూడు జిల్లాల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) ఒకటి, కొల్లాపూర్ అప్పుడు అందులోనే ఉండేది. వైద్యం కోసం అప్పులపాలై ముంబై, పుణెలకు వలసపోయే ఇళ్లున్న పాలమూరును మొదట ఎంచుకోవడం సబబైన పని. తెల్ల కార్డు ఉన్న ఇంటి బిల్లు ప్రభుత్వం కడుతుంది. ఆసుపత్రుల్లో పథకం తరఫున ఆరోగ్యమిత్రలు కూర్చుంటారు. కార్డు ఉన్నా పైసలు అడిగారంటే ముందు చెప్పుకోవాల్సింది వాళ్లకే. రోగి కట్టకపోయినా వేరెవరో కడితే అది ఉచిత వైద్యం కాదన్న 1995 నాటి తర్కం ఇక్కడికీ వర్తించాలన్నది నా గట్టి నమ్మకం.

2019లో కొత్త వినియోగదారుల చట్టం వచ్చి, మరుసటి ఏడు జులై నుంచి అమలైంది. బిల్లు చర్చల్లో ఉన్నప్పుడు సేవల జాబితాలో వైద్యం పేరు చేర్చి తర్వాత తీసేశారు. ఇంకేం, మేం బయటపడ్డామని కొందరు వైద్యులు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. పేరు రాయనంత మాత్రాన వదిలేసినట్టు కాదని హైకోర్టు చెప్పింది, 2022లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. మన ప్రాంతానికి ఆ చట్టంలో అన్నిటికన్నా పనికొచ్చే మార్పు వేరే ఉంది. ఇదివరకు ఆసుపత్రి ఎక్కడుంటే అక్కడే ఫిర్యాదు వేయాల్సి వచ్చేది. పట్నం ఆసుపత్రి మీద కేసంటే వాయిదా వాయిదాకూ బస్సు ఛార్జీలు, పోయిన కూలి. ఇప్పుడు ఫిర్యాదుదారు ఉండే చోటో, పనిచేసే చోటో వేయవచ్చు. కొల్లాపూర్ మనిషి తన ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే పట్నం ఆసుపత్రిని నిలదీయవచ్చు. ఆసుపత్రికి కట్టిన డబ్బు 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు.

ఇన్ని తలుపులు తెరుచుకున్నా పూర్తిగా ఉచితంగా నడిచే సర్కారు దవాఖాన మాత్రం ఇంకా చట్టం గడప బయటే ఉంది. కాన్పుకు వెళ్లిన పేద ఇల్లాలికి అక్కడ అన్యాయం జరిగితే, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వవచ్చు, మెడికల్ కౌన్సిల్‌కు రాయవచ్చు. విచారణ జరగవచ్చు, బదిలీ జరగవచ్చు. సివిల్ కోర్టు తప్ప, పరిహారం ఇంత అని లెక్క కట్టి తీర్పు చెప్పే చోటు ఆమెకు దగ్గర్లో లేదు. డబ్బు కట్టినవాడి ప్రాణానికి ఒక తూకం, కట్టలేనివాడి ప్రాణానికి మరో తూకం ఉండడం తప్పు. సర్కారు దవాఖానల ఫిర్యాదులకు కూడా పరిహారం ఇప్పించే అధికారం ఉన్న వేదికను జిల్లాకొకటి ప్రభుత్వం ఏర్పాటు చేయాలి.

అప్పటిదాకా చేతిలో ఉన్నదాన్ని వాడుకోవాలి. కిషన్‌రావును గెలిపించినవి ఆసుపత్రుల కాగితాలు, వాటి మీద డాక్టరు చెప్పిన జవాబు. కేస్ షీట్, పరీక్షల రిపోర్టులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమాలు 2002 నుంచీ చెబుతున్నాయి. బాధలో ఉన్న ఇల్లు ఈ పని మరిచిపోతుంది, అందుకని వెంట వెళ్లిన బంధువులెవరైనా ఆ దరఖాస్తు రాసి ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకోండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు.