బైపీసీ: గోదావరి జిల్లాల్లో వైద్యవిద్యకు తొలిమెట్టు

అమెరికాలో మెడికల్ కాలేజీ డిగ్రీ తర్వాతి మాట. గోదావరి జిల్లాల్లో పదో తరగతి కాగానే ఇంటర్‌లో బైపీసీ (జీవ, భౌతిక, రసాయన శాస్త్రాలు) తీసుకోవడంతోనే ఆ దారి మొదలవుతుంది. ఒకప్పుడు రాష్ట్ర ప్రవేశపరీక్ష ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి ఎంబీబీఎస్ సీటుకు జాతీయ ప్రవేశపరీక్ష నీట్ ఒక్కటే ఆధారం. ఇంటర్ మార్కులు అర్హత వరకే. నీట్‌లోని 720 మార్కుల్లో సగం జీవశాస్త్రానివే అయినా, ఫిజిక్స్‌ను పక్కనపెడితే మంచి ర్యాంకు కష్టం. ఎంపీసీ (గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు) చదివినవారు జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా పూర్తిచేసి నీట్ రాయవచ్చని 2023లో జాతీయ వైద్య కమిషన్ అనుమతించింది. బీఎస్సీ తర్వాత రాసినా డిగ్రీ మార్కులు ర్యాంకులో కలవవు. ఆలస్యంగా దారి తెలిసిన పల్లె పిల్లలకు ఇలా డిగ్రీ చదువు లెక్కకు రాకపోవడం నిజంగా భారమే.

ఇక ఈ జిల్లాల్లోని కళాశాలల విషయానికొస్తే, కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958 నాటిది. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లో చెరి 150 సీట్లతో ప్రభుత్వ కళాశాలలు మొదలయ్యాయి.