అక్కో, తాదో, తాత: పిలుపులో దాగిన చరిత్ర

కాస్త పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

తెలుగులో నాన్న వాళ్ల నాన్న తాతే, అమ్మ వాళ్ల నాన్న కూడా తాతే. ఏ తాతో చెప్పాలంటే ఇంకో మాట తగిలించాలి. ఇంగ్లీషూ అంతే. గోండిలో ఆ ఇబ్బంది లేదు. నాన్న తండ్రి తాదో, అమ్మ తండ్రి అక్కో. ఊరిని బట్టి పలకడం మారుతుంది, బస్తర్ వైపు ఆకో అంటారు.

ఇద్దరికీ వేర్వేరు పేర్లు ఉండడం మన ఒక్కరి దగ్గరే కాదు. హిందీలో దాదా, నానా ఉన్నారు. స్వీడన్‌లో ఫార్‌ఫార్, మోర్‌ఫార్ అంటారు. అంటే నాన్ననాన్న, అమ్మనాన్న, అంతే, సూటిగా. చైనాలో మాత్రం అమ్మ తండ్రిని వైగొంగ్ అంటారు. 'వై' అంటే బయట. వంశాన్ని తండ్రి వైపు నుంచే లెక్కపెట్టే సమాజం కదా, అమ్మ పుట్టింటిని బయటి ఇల్లు చేసేసింది.

గోండుల్లో కూడా గోత్రం తండ్రి నుంచే వస్తుంది. అయినా అమ్మ తండ్రి బయటివాడు కాలేదు. బస్తర్‌లో పనిచేసిన బ్రిటిష్ అధికారి గ్రిగ్సన్ 1938లో మరియా గోండుల మీద పుస్తకం వేశాడు. అందులో గోత్రాల వరస గురించి రాశాడు. ఒక గోత్రానికి మిగతావన్నీ రెండు రకాలు: దాదాభాయి, ఆకోమామ. దాదా అంటే ఇక్కడ అన్న. దాదాభాయి గోత్రాల వాళ్లు అన్నదమ్ముల వరస, కాబట్టి పెళ్లి కుదరదు. ఆకోమామ అంటే ఆకో, మామ. అమ్మ తండ్రి, అమ్మ తోబుట్టువు. పిల్లనిచ్చి పుచ్చుకునేది ఆ గోత్రాలతోనే. ఇంట్లో ఒక ముసలాయన్ని పిలిచే పిలుపే వియ్యం అందే గోత్రాలన్నిటికీ పేరైంది. ఎక్కడా రాసిపెట్టుకోలేదు, నోటి మాటలోనే నిలిచింది.

ఇంకో విశేషం. మనవడు అక్కో అని పిలిస్తే, ఆ ముసలాయన కూడా కూతురి బిడ్డను అక్కో అనే పిలుస్తాడు. బయటివాళ్లకు వింతగా ఉంటుంది కానీ, జర్మన్ భాషలో మనవణ్ణి ఎంకెల్ అంటారు. ఆ మాట పాత అర్థం 'చిన్న తాత'. తమిళంలో మనవడు పేరన్, అంటే తాత పేరు పెట్టుకున్నవాడు. లాటిన్‌లో తాత అవుస్, మేనమామ అవుంకులుస్, అంటే మళ్లీ 'చిన్న తాత'! ఇవాళ మనం ఇరుగుపొరుగు అందరినీ పిలిచే 'అంకుల్' అక్కడి నుంచే వచ్చింది. అసలు మేనమామ వరస అది. మన ఆకోమామలో లాగే అక్కడా తాతా మామా ఒక్క మాటలో కలిసారు.

అలాగని గోండులూ జర్మన్లూ ఒకప్పుడు ఒకటే అని పోస్టులు పెట్టొద్దు దయచేసి. టర్కీలో తాత దెదె, రష్యాలో దేద్, హిందీలో దాదా. ఈ పోలికతో చుట్టరికం తేలదు. తాతా, దాదా, బాబా, మామా లాంటివి పసిపిల్లల నోట ముందు పలికే శబ్దాలు. అందుకే జార్జియాలో తండ్రిని 'మామా' అంటారు! పెద్ద పండితులే ఇక్కడ జారిపడ్డారు. అమెరికా లాయరు మోర్గాన్ వరసల జాబితాలు అచ్చేయించి మిషనరీలకు, రాయబారులకు పంపాడు. వచ్చిన జవాబులతో 1871లో పెద్ద గ్రంథం వేశాడు, అందులో తెలుగు, తమిళ వరసలూ ఉన్నాయి. అమెరికా ఆదివాసులైన సెనెకాల్లో, తమిళుల్లో పెదనాన్న, చిన్నాన్నలు కూడా 'నాన్నే' అని చూసి, సెనెకాల మూలం ఆసియాలోనే అని తేల్చేశాడు. దానికి ఆ పోలిక చాలదు. వేరువేరు చోట్ల ఒకే రకం అవసరం ఒకే రకం వరసను పుట్టించగలదు.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, మనలో చాలామంది చిన్నప్పుడే హాస్టల్‌కి వెళ్ళిపోయాం. అక్కడ తాదో, అక్కో ఇద్దరూ 'తాత' అయిపోయారు. పిలుపు పోయాక వరస ఎవరు చెప్తారు? పెళ్లి మాటలప్పుడు ఇప్పటికే పెద్దోళ్లను పక్కకు పిలిచి అడుగుతున్నాం.

గోండి, కోయ, కొలామి, కువి, సవర, బంజారా, మీది ఏదైనా సరే. నాన్న తండ్రిని, అమ్మ తండ్రిని ఏమంటారో, ఊరి పేరుతో సహా కింద రాయండి. వాళ్లు మిమ్మల్ని తిరిగి ఏమని పిలుస్తారో కూడా అడిగి రాయండి.