అక్షరాలు చేతికిచ్చి మాట వెతకమంటే

1676లో లండన్‌లో రాబర్ట్ హుక్ సూర్యుణ్ణి చూసే దుర్భిణుల మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. చివరి పేజీల్లో కొంత జాగా మిగిలింది. ఖాళీగా వదలడమెందుకని, తాను కనిపెట్టి ఇంకా బయటపెట్టని సంగతులు కొన్నిటిని అక్కడ చేర్చాడు. చేర్చాడన్న మాటే గానీ తిన్నగా చెప్పలేదు. ఒక సంగతి కింద ఉన్నవల్లా పద్నాలుగు అక్షరాలు: సీ, ఈ, ఐ, ఐ, ఐ, ఎన్, ఓ, ఎస్, ఎస్, ఎస్, టీ, టీ, యూ, వీ. రెండేళ్ల తరువాత, 1678లో, ఇంకో పుస్తకంలో ఆ ముడి విప్పాడు. వాటిని తిరిగి పేర్చుకుంటే 'ఉట్ టెన్సియో సిక్ విస్' అనే లాటిన్ వాక్యం వస్తుంది. సాగుదల ఎంతో బలమూ అంతే అని దాని భావం. మన పిల్లలు ఫిజిక్సులో హుక్ నియమం అని బట్టీపట్టేది దీన్నే.

ఆనాటి పండితులకు ఇది మామూలే. కొత్త సంగతి తొందరపడి చెబితే, పూర్తిగా రుజువు చేసుకునేలోగా ఇంకొకరు ఎత్తుకుపోతారని భయం. చెప్పకుండా దాచుకుంటే ఇంకొకరు ముందే ప్రకటిస్తారని మరో భయం. అక్షరాలను కలగాపులగం చేసి ఊళ్లోకి వదిలితే రెండు భయాలూ తీరతాయి. 1610లో గెలీలియో శనిగ్రహం మూడు ముక్కలుగా కనిపించిందన్న సంగతిని ఇలాగే 37 అక్షరాల గందరగోళంగా మార్చి పంపాడు. కెప్లర్ దానితో తంటాలు పడి, కుజుడికి ఇద్దరు చంద్రులున్నారని గెలీలియో చెబుతున్నాడని తేల్చాడు. చదివింది తప్పు. కుజుడికి ఇద్దరు చంద్రులున్న మాట మాత్రం నిజం. ఆ సంగతి 1877లో గానీ తెలియలేదు.

గెలీలియో అక్షరాలను తన ఇష్టం వచ్చినట్టు చెదరగొట్టాడు. శని చుట్టూ వలయం ఉందని 1656లో దాచిపెట్టిన హైగెన్స్ గానీ, తరువాత హుక్ గానీ అలా చేయలేదు. ఏ నుంచి జెడ్ దాకా నిఘంటువు వరసలో పెట్టేశారు. చూడ్డానికి ఇది చెదరగొట్టడం కాదు, సర్దిపెట్టడం. కానీ అసలు వాక్యపు జాడ ఇందులో రవ్వంత కూడా మిగలదు. మన అవధానాల్లో వ్యస్తాక్షరి అడిగే పృచ్ఛకుడూ వాక్యాన్ని విరగ్గొట్టి అక్షరాలను వెనకా ముందూ చేసి అందిస్తాడు. అయితే ఇది ఎన్నో అక్షరమో చెబుతాడు. హుక్ ఆ దయ కూడా చూపలేదు. ఆ పద్నాలుగు అక్షరాలను 121 కోట్లకు పైగా రకాలుగా పేర్చవచ్చు.

దాచినవాళ్ల సంగతి అది. వెతికేవాళ్ల సంగతికొస్తే, వాళ్ల చేతిలో ఉన్న ఒకే ఆయుధం నిఘంటువు. నిఘంటువు ఒక్క ప్రశ్నకే బాగా జవాబిస్తుంది: ఈ మాట ఏ అక్షరంతో మొదలవుతుంది అన్నదానికి. ఫలానా అక్షరాలతో ముగిసే మాటలేవి అని అడిగితే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేయాల్సిందే. లండన్‌లో ఉచ్చారణ పాఠాలు చెప్పుకునే జాన్ వాకర్ 1775లో దీనికొక మందు కనిపెట్టాడు. మాటలను చివరి అక్షరం నుంచి వెనక్కి చదువుతూ వరసలో పెట్టి నిఘంటువు వేశాడు. ప్రాస కోసం తంటాలు పడే కవులు దాన్ని తరాల తరబడి వాడుకున్నారు. అమెరికాలో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు సంస్థవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఒక్కో కార్డు మీద ఒక్కో మాటను తలకిందులుగా, అంటే చివరి అక్షరం నుంచి మొదటి అక్షరానికి టైపు చేయించి, ఆ కార్డులను వరసగా డ్రాయర్లలో పేర్చారు. అలాంటివి 3 లక్షలకు పైగా కార్డులు. ఒకే ప్రత్యయంతో ముగిసే మాటలన్నీ పక్కపక్కన కనబడితే అర్థాలు ఒక పద్ధతిలో రాయవచ్చని వాళ్ల ఆలోచన. ఆ కార్డులు టైపు చేసినవాళ్ల ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇదంతా పండితుల గొడవ. మామూలు జనానికి ఈ వెతుకులాట అంటుకున్నది ఇరవయ్యో శతాబ్దంలో. 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ మొదటి క్రాస్‌వర్డ్ వేశాడు. 1924లో సైమన్ అండ్ షుస్టర్ వాటిని పుస్తకంగా తెచ్చాక అమెరికా పిచ్చెక్కిపోయింది. మూడో గడిలో ఆర్, అయిదో గడిలో కే, మొత్తం ఏడు గళ్లు, ఏమిటా మాట అన్న ప్రశ్న అప్పటినుంచి ఇంటింటి ప్రశ్న అయింది.

అసలు కష్టం మాత్రం స్క్రాబుల్‌తో వచ్చింది. 1930ల ఆర్థిక మాంద్యంలో పని పోగొట్టుకున్న ఆర్కిటెక్ట్ ఆల్ఫ్రెడ్ బట్స్, అక్షరాల బిళ్లలు పేర్చి మాటలు కట్టే ఈ ఆట కల్పించాడు. పత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో చేత్తో లెక్కపెట్టాడు. వంద బిళ్లల్లో ఈ అక్షరానివి పన్నెండు, క్యూది ఒక్కటే అని తేలింది ఆ లెక్కల నుంచే. ఎస్ బిళ్లలు మాత్రం కావాలనే నాలుగుతో ఆపాడు. లేకపోతే ప్రతి మాటకూ బహువచనం తగిలించి ఎడాపెడా పాయింట్లు కొట్టేస్తారు. ఏ తయారీదారుడూ ఆటను తీసుకోలేదు. 1948లో జేమ్స్ బ్రూనో దానికి స్క్రాబుల్ అని పేరు పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు.

ఆటగాడి ముందు ఏడు బిళ్లలుంటాయి. ఏడూ వేరువేరు అక్షరాలైతే, ఒక్కటి మొదలు ఏడింటి దాకా ఎన్ని వాడినా సరే అనుకుంటే, పేర్చే తీరులు 13,699. ఒక్కోటీ నిఘంటువులో చూసుకుంటూ కూర్చుంటే ఎదుటివాడు భోజనం చేసి, ఓ కునుకు తీసి రావచ్చు.

ఇక్కడికి కంప్యూటర్లు వచ్చాయి. అవి వచ్చిన దారి ఆటల దారి కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని బెల్ లాబ్స్‌లో లీ మెక్‌మాన్ అనే పరిశోధకుడు 'ఫెడరలిస్ట్ పేపర్స్' అనే పద్దెనిమిదో శతాబ్దపు వ్యాసాల్లో ఏది ఎవరు రాశారో భాషను బట్టి తేల్చాలనుకున్నాడు. అప్పటి యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో పాఠాన్ని దిద్దే ఎడిటర్ 'ఎడ్'లో ఆ పాఠమంతా పట్టలేదు. ఆయన సహోద్యోగి కెన్ థాంప్సన్ ఆ ఎడిటర్‌లోని వెతికే భాగాన్ని విడదీసి 1973లో విడి ప్రోగ్రాముగా ఇచ్చాడు. అదే గ్రెప్. అక్షరాల నమూనా ఒకటి ఇస్తే చాలు, దానికి సరిపోయే ప్రతి వరసనూ తెచ్చి ముందు పెడుతుంది. యూనిక్స్ యంత్రాల్లో మాటల జాబితా ఎలాగూ ఉంటుంది. 1934 నాటి వెబ్‌స్టర్ రెండో కూర్పు నుంచి తీసిన 2,30,000కు పైగా మాటల ఫైలు కొన్నిటిలో ఉండేది. ఇంకేం, ఇంజనీర్లు పని మానేసి మాటలాటల్లో పడ్డారు. బ్రయన్ కెర్నిఘన్, రాబ్ పైక్ 1984లో రాసిన యూనిక్స్ పాఠ్యపుస్తకంలో ఒక ఉదాహరణ ఉంది: ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే అయిదూ ఒక్కొక్కసారే, ఇదే వరసలో వచ్చే మాటలేవి? అబ్‌స్టీమియస్, ఫసీషస్ వంటివి టకటకా వచ్చిపడతాయి. వాకర్ నిఘంటువైనా, ఆ కార్డుల డ్రాయర్లైనా ఈ ప్రశ్నకు నోరు విప్పలేవు.

కానీ స్క్రాబుల్ బిళ్లల చిక్కు గ్రెప్‌తో సులువుగా తీరదు. అక్షరాలేవో తెలుసు, వరస తెలియదు. ఇక్కడ పనికొచ్చిన ఉపాయాన్ని చక్కగా వివరించినవాడు కూడా బెల్ లాబ్స్ మనిషే, జాన్ బెంట్లీ. 1980లలో ఆయన ప్రోగ్రామర్ల పత్రికలో నడిపిన శీర్షిక 1986లో 'ప్రోగ్రామింగ్ పర్ల్స్' అన్న పుస్తకమైంది. అందులో ఆయన చెప్పినది ఇంతే. ప్రతి మాటలోని అక్షరాలను నిఘంటువు వరసలో సర్దండి. స్టాప్, పాట్స్, టాప్స్, ఆప్ట్స్ అన్నీ సర్దితే ఒకటే: ఓ, పీ, ఎస్, టీ. అది ఆ మాటల సంతకం. ఒకే సంతకం ఉన్న మాటలను ఒకచోట చేర్చి దాచుకుంటే, చేతిలోని అక్షరాలను కూడా సర్ది ఆ చోటికి తిన్నగా వెళ్లవచ్చు. ఏడు వేరువేరు బిళ్లలకు 13,699 సార్లు కాదు, 127 సార్లు చూస్తే సరి.

హుక్ తన వాక్యాన్ని ఎవరికీ దొరకకుండా చేయడానికి వాడిన పద్ధతీ, యంత్రం మాటను పట్టుకోవడానికి వాడే పద్ధతీ ఒకటే. తేడా అల్లా పక్కన జాబితా ఉండడం. లాటిన్‌లో రాయగల వాక్యాలన్నిటినీ ముందే సర్ది పెట్టుకున్నవాడు 1676లో ఎవడూ లేడు. కాబట్టి హుక్ నిశ్చింతగా నిద్రపోయాడు. ఇంగ్లిష్ మాటలన్నిటినీ సర్ది పెట్టుకోవడం నేటి చిన్న ఫోనుకు కూడా రెప్పపాటు పని.

స్క్రాబుల్ పోటీలకెళ్లేవాళ్లు ఈ సర్దిన వరసను ఆల్ఫాగ్రామ్ అంటారు. కార్డుకు ఒకవైపు ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ అని రాసుకుంటారు. రెండోవైపు నాస్టియర్, రిటైన్స్, రెటినాస్, స్టెయినర్ లాంటి మాటలు. వేల కార్డులు తిప్పీ తిప్పీ, బిళ్లలు చేతికి రాగానే మనసులో సర్దుకుని జవాబు లాగుతారు. అర్థంతో నిమిత్తం లేదు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడడం రాదు, మాటల జాబితా మాత్రం కంఠతా వచ్చు. ఇది భాషా ప్రేమికులకు చివుక్కుమనే సంగతే. నాకు మాత్రం ఇందులో తప్పు కనబడదు, ఆట అడిగింది అక్షరాలనే గదా.

వెతకడం తేలికయ్యాక తగువంతా జాబితా మీదికి మళ్లింది. ఏది మాట, ఏది కాదు? అమెరికా పోటీల్లో ఒక మామూలు నిఘంటువుతో సరిపెట్టుకుంటూ వచ్చారు. 1978లో మెరియమ్ వెబ్‌స్టర్ స్క్రాబుల్ కోసమే ప్రత్యేకంగా ఒకటి తెచ్చింది. క్యూ, ఐ రెండే అక్షరాలున్న 'చీ' అన్న చైనా మాట అక్కడి పోటీల్లోకి 2006లో వచ్చాక, యూ లేని క్యూ చేతికొస్తే ఏడవడం తగ్గింది.

జోష్ వార్డల్ 2021లో జనంలోకి వదిలిన, అయిదక్షరాల మాటను ఊహించే ఆట వర్డిల్‌కూ ఇదే ఇబ్బంది ఎదురైంది. ఇంగ్లిష్‌లో అయిదక్షరాల మాటలు దాదాపు 12,000 దొరికాయి. అందులో చాలావాటిని ఎవరూ విని ఎరగరు. ఆయన సహచరి పలక్ షా కూర్చుని ఒక్కో మాటా చూసి, తనకు తెలిసినవీ తెలియనివీ వేరు చేసింది. సుమారు 2,500 మిగిలాయి. జనం రోజూ జుట్టు పీక్కునే జవాబులు వాటిలోంచి వచ్చినవే. 2022 జనవరిలో ఆటను కొన్న న్యూయార్క్ టైమ్స్ ఆ జాబితాలోంచి మరికొన్ని మాటలు కొట్టేసింది. ఫిబ్రవరి 15న కొత్త పేజీ తెరిచినవాళ్లకు జవాబు 'అరోమా'. పాత పేజీని మూయకుండా ఉంచుకున్నవాళ్లకు 'అగోరా'. ఆ రోజు ఒకే పొడుపుకథకు రెండు విడుపులు. స్నేహితులు జవాబులు పోల్చుకుని ఒకరినొకరు దబాయించుకున్నారు.